ఉచ్చ కోసం మూడు గంటలు

నా బారాత్‌లో దోస్తులు రెండు చేతులూ పట్టుకుని లాగినా నేను చిందెయ్యలేదు. గణపతి నిమజ్జనానికి ఊరంతా ఊగిపోతున్నా చేతులు కట్టుకుని పక్కన నిలబడే రకం నేను. బతుకు మొత్తంలో నేను ఆడింది ఒకే ఒక్కసారి. అది దవాఖాన ఎమర్జెన్సీ వార్డులో, మధ్యాహ్నం పూట, చేతిలో మూత్రం సీసాతో. మూత్రం నాది కాదు, ఏడు నెలల మా బిడ్డది. ఆ రోజు చూసినవాళ్ళలో కొందరు ఇప్పటికీ నన్ను గుర్తుపడతారు. మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే వెనక నుంచి "స్స్స్" అంటారు. నేను వెనక్కి తిరిగి చూడను గానీ నవ్వాగదు.

మా బిడ్డ మాకు పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టింది. అప్పటికి నాకు నలభై దాటాయి. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాను. నిండా బొగ్గు పోస్తే వంద టన్నులు తూగే బండిని ఒంటిచేత్తో మలుపు తిప్పేవాణ్ణి, ఆరు కిలోల పిల్లను ఎత్తుకోవాలంటే మాత్రం ముందు మంచం మీద కూర్చునేవాణ్ణి. పిల్ల తుమ్మితే లేచి కూర్చునేవాణ్ణి. తుమ్మకపోయినా లేచి, ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ణి. మా ఆవిడ అంగన్‌వాడీ టీచరు. రోజుకు ముప్పైమంది పిల్లలను సంబాళించి వచ్చేది, ఇంట్లో ముప్పై ఒకటోవాణ్ణి నేను.

మా క్వార్టర్ల లైనులో ఎనిమిది ఇళ్ళు. చివరి ఇంట్లో కొడుకు దగ్గర ఒక అవ్వ ఉంటుంది. నాకు చుట్టం కాదు, లైనందరికీ అవ్వే. ఆమె దగ్గర పాత బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉండేది. గని పనివాళ్ళ ఇళ్ళకు మందులు ఊరికే వస్తాయి కాబట్టి మాలో ఎవరికీ మందులకు కరువు లేదు. పిల్లవాడికి కాస్త నయం కాగానే మందు ఆపేస్తాం. మిగిలినదాన్ని పారబొయ్యడానికి మనసొప్పదు. సగం సీసాలు, పావు సీసాలు, అన్నీ అవ్వ డబ్బాలోకి చేరేవి. అవ్వకు చదువు రాదు, రంగు చూసి గుర్తుపట్టేది. ఎవరి పిల్లకు ఒళ్ళు వెచ్చబడ్డా ముందు అవ్వ గడప తొక్కాలి, ఆమె మూత నిండా గులాబీ రంగు మందు పొయ్యాలి, ఆ తర్వాతే దవాఖాన మాట. చాలాసార్లు దవాఖాన దాకా పోయే పనే పడేది కాదు. పిల్లల జ్వరాలు చాలామటుకు వాటంతట అవే తగ్గుతాయని మాకు తెలియదు, అవ్వకూ తెలియదు. పేరు మాత్రం గులాబీ మందుకు వచ్చేది.

మే నెలలో, రోడ్ల మీద తారు మెత్తబడే రోజుల్లో, మా బిడ్డకు జ్వరం వచ్చింది. మొదటి రోజు ఎండదెబ్బ అనుకున్నాం. రెండో రోజు తగ్గించే మందు వేస్తే తగ్గడం, నాలుగు గంటలకు మళ్ళీ ఎక్కడం. దగ్గు లేదు, జలుబు లేదు. నేను అవ్వ ఇంటి వైపు చూస్తుంటే మా ఆవిడ కనిపెట్టేసింది.

"ఆ డబ్బా దిక్కు పోకు. ఏ సీస ఎప్పుడు కలిపిన్రో, ఎవరికి రాసిచ్చిన్రో ఎవరికెరుక? పొద్దుగాల్ల దవాఖానకే పోదాం."

"నేనేడికి పోతున్న? ఊకెనే చూస్తున్న," అన్నాను.

ఆమె స్నానానికి పోగానే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. అవ్వ సీసా ఊపి, మూత నిండా పోసి ఇచ్చింది. దాన్ని గుప్పిట్లో దాచుకుని వచ్చి బిడ్డ నోట్లో పోశాను. బిడ్డ చప్పరించి నవ్వింది. మర్నాడు పొద్దున మా ఆవిడ దవాఖానకు సంచి సర్దుతుంటే ఇంకో మూత పోశాను. నా లెక్క చాలా గొప్పది: దవాఖాన చేరేలోపు జ్వరం దిగిపోతుంది, ఇద్దరం నవ్వుకుంటూ తిరిగొస్తాం. జ్వరం దిగలేదు సరికదా, పదిన్నరకల్లా నూట నాలుగు చూపించింది.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చిన చిన్న పిల్ల. పిల్ల అంటే నా కంటికి, వయసు ముప్పై ఉంటుందేమో. మా బిడ్డ చెవులు చూసింది, గొంతు చూసింది, మాడు మీద చెయ్యి పెట్టి చూసింది, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. మా బిడ్డ ఆ స్టెతస్కోపును పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది.

"పాలు తాగుతోందా అమ్మా?"

"తాగుతున్నది మేడం."

"ఇంట్లో ఏమైనా మందులు వేశారా?"

"జ్వరం మందు ఒక్కటే మేడం. ఇంకేం పొయ్యలే," అంది మా ఆవిడ.

డాక్టరమ్మ నా వైపు కూడా చూసింది. నేను తల ఊపాను. అంతే. ఒక్కసారి కిందికి, ఒక్కసారి పైకి. ఆ తల ఊపడంతోనే ఆగి ఉంటే బాగుండేది. పైగా పెద్దరికం చూపించాను.

"మేడం, ఒక మంచి సూది ఏసెయ్యుండ్రి. గట్టిది. జల్ది తక్కువయేటట్టు."

"గట్టిది అవసరమైతే నిమిషం ఆలస్యం చెయ్యనండి. అవసరమో కాదో ముందు తెలియాలి కదా. చిన్నపిల్లల జ్వరాల్లో చాలావాటికి ఆ యాంటీబయాటిక్ మందులతో పనే లేదు. పని లేని చోట పదే పదే వాడితే, నిజంగా ప్రాణం మీదికి వచ్చిన రోజున అవి పనిచెయ్యవు." బిడ్డ పాదం పట్టుకుని ఊపుతూ ఇంకా చెప్పింది. "ఇంత చిన్న ఆడపిల్లకు కారణం కనపడకుండా జ్వరం వస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి. ఉంటే మందు మొదలుపెడతాను, లేకపోతే లేదు. కానీ పరీక్షకు ముందు మందు పడకూడదు. మందు ముందు పడితే మూత్రం మనకు అబద్ధం చెబుతుంది."

పొద్దున పోసిన మూత గుర్తొచ్చింది. అప్పుడైనా చెప్పొచ్చు. మా ఆవిడ పక్కనే ఉంది, మేడం ముందు నా పరువు ఏం కాను అనుకుని నోరు మూసుకున్నాను. నా పరువు అంటే ఏమిటో ఇప్పుడు ఆలోచిస్తే నాకే అర్థం కాదు.

ఇక మొదలైంది మా డ్యూటీ. సిస్టర్ బిడ్డను శుభ్రంగా కడిగి, తుడిచి, మూతి వెడల్పు సీసా నా చేతికిచ్చింది. నేల మీద పడ్డది పనికిరాదు, డైపర్‌లోది పనికిరాదు, ధార మధ్యలో గాల్లోనే పట్టాలి. మా ఆవిడ బిడ్డను చంకల కింద పట్టుకుని మంచం అంచున వేలాడదీసింది. నేను కింద గొంతుక్కూర్చుని సీసా పట్టుకున్నాను. సిస్టర్ చల్లటి నీళ్ళలో ముంచిన దూదితో పొత్తికడుపు మీద రుద్దుతోంది. బిడ్డకు ఇదంతా చాలా నచ్చింది. నన్ను చూసి కాళ్ళు ఆడిస్తూ కిలకిలమంటోంది. కిందికి మాత్రం ఒక్క చుక్క వదలదు.

పావుగంట అయింది, అరగంట అయింది. నా మోకాళ్ళు పట్టేశాయి. మా ఆవిడ "స్స్స్" అనడం మొదలుపెట్టింది. నేనూ అందుకున్నాను. పక్క మంచం దగ్గర కూర్చున్న ముసలమ్మ అందుకుంది. కాసేపటికి వార్డులో సగం మంది మా బిడ్డ వైపు తిరిగి "స్స్స్" అంటున్నారు. ఎవరో పుణ్యాత్ముడు పోయి కొళాయి విప్పాడు. చేతికి కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ఒకాయన, "మీ పోరికేమో గానీ నాకు వస్తున్నదన్నా," అని లేచి బయటికి పోయాడు. సిస్టర్ నవ్వాపుకోలేక దూది జారవిడిచింది.

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర "కొడుకా" అని వినబడింది. అవ్వ. ఆటోలో వచ్చింది. కొంగులో ఏదో మూట. తల అటు తిప్పాను. తిప్పిన ఆ రెండు క్షణాల్లోనే మా బిడ్డ వదిలింది. సీసాలోకి కాదు, నా చొక్కా చేతి మీదికి. ధారాళంగా, మోచేతి దాకా.

వార్డంతా "అయ్యో" అంది. మా ఆవిడ నన్ను చూసిన చూపు రాసేది కాదు.

"ఎటు చూస్తున్నవయ్యా నువ్వు?"

చెయ్యి తుడుచుకుని వస్తానని చెప్పి గుమ్మం దగ్గరికి ఉరికాను. అవ్వ కొంగు విప్పింది. లోపల గులాబీ సీసా.

"పగటి మందు పొయ్యాలె గదా బిడ్డా. మీరు ఇంట్ల లేకపోతిరి. ఎండల పడి తెచ్చిన."

ఆ ఎండలో, ఆ వయసులో. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. సీసా లాక్కుని పాంటు జేబులో కుక్కుకున్నాను.

"అవ్వా, నువ్వు లోపలికి రాకు. డాక్టరమ్మ మంచిది కాదు, అరుస్తది," అని చెప్పి ఆమెను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాను. ఆ డాక్టరమ్మ ఆ రోజు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

తిరిగొచ్చేసరికి ఆమే మా మంచం దగ్గర నిలబడి ఉంది. "మళ్ళీ పాలు పట్టమ్మా, ప్రయత్నిద్దాం. ఇంకో రెండు గంటల్లోపు రాకపోతే సన్నటి గొట్టం పెట్టి తీయాల్సి వస్తుంది," అంది. గొట్టం మాట వినగానే మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ఒక జేబులో అవ్వ సీసా, చేతిలో దవాఖాన సీసా, మధ్యలో నేను. మళ్ళీ గొంతుక్కూర్చున్నాను. ఈసారి దేవుడు పిలిచినా తల తిప్పొద్దని ఒట్టు పెట్టుకున్నాను. పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. "స్స్స్" అనీ అనీ అందరి నోళ్ళూ ఎండిపోయి ఒకరొకరే మానేశారు. ఒంటిగంట నలభైకి, ఎవరూ ఏమీ అనకుండా వార్డు గమ్మున ఉన్నప్పుడు, మా మహారాణి నా ముఖంలోకి తిన్నగా చూస్తూ సీసాలోకి పోసింది. ఒక్క చుక్క బయట పడలేదు.

నేను లేచి ఆడానట. నాకు సరిగ్గా గుర్తు లేదు. సీసా పైకెత్తి పట్టుకుని మంచం చుట్టూ ఒక చుట్టు తిరిగానని, సిస్టర్ "అన్నా, పారబోస్తవ్, ఇటియ్యి," అని వెంటపడిందని తర్వాత చెప్పారు. కట్టు కట్టించుకున్నాయన ఒంటిచేత్తో తొడ మీద చప్పట్లు కొట్టాడు. మా ఆవిడ రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరమ్మ పరీక్ష పట్టీ ముంచి, గడియారం చూసి, రంగులు సరిపోల్చింది. శుభ్రంగా ఉంది. "ఇన్‌ఫెక్షన్ కనపడట్లేదు. యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్ళండి. పాలు మానేసినా, మగతగా ఉన్నా వెంటనే వచ్చెయ్యండి," అంది. ఇంకేం కావాలి? నేను నోరు విప్పకుండా బిడ్డను ఎత్తుకుని గేటు దాటితే అయిపోయింది. జేబులో సీసాను దారిలో ఏ మోరీలోనో పడేస్తే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. నేను చెప్పులు వేసుకున్నాను.

అంతలో రెండు కొట్టింది. వాళ్ళకు డ్యూటీ మారే వేళ. డాక్టరమ్మ చేతిలో కాగితాలతో, తర్వాత డ్యూటీ డాక్టరుకు మా బిడ్డను అప్పగిస్తోంది. "ఏడు నెలల పాప, మూడో రోజు జ్వరం, యాంటీబయాటిక్ ఏదీ పడలేదు, యూరిన్ క్లియర్, పంపించేస్తున్నాను."

పడలేదు అన్న మాట దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. మా దగ్గరా అంతే. షిఫ్టు మారేటప్పుడు డంపర్ దిగేవాడు ఎక్కేవాడికి బండి సంగతంతా చెప్పి దిగాలి. ఏ పైపు కారుతోంది, ఏ టైరుకు కోత పడింది, బ్రేకు ఎక్కడ పట్టుతోంది. ఒకసారి ఒకడు బండి మంచిగుందని చెప్పి దిగిపోయాడు. నిండు లోడుతో దిగుడులో నేను బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. మట్టికట్టకు రాసి ఆపి ప్రాణం దక్కించుకున్నాను. ఆ సాయంత్రం క్యాంటీన్లో వాడి కాలరు పట్టుకున్నాను, నలుగురు విడిపిస్తే గానీ వదల్లేదు. ఇప్పుడు నా బిడ్డను బండి మంచిగుందని అప్పగిస్తున్నారు. ఆ మాట చెప్పించింది నేను.

"మేడం, జర ఆగుండ్రి. మందు పడ్డది."

ఇద్దరు డాక్టర్లూ తిరిగి చూశారు. జేబులోంచి సీసా తీసి బల్ల మీద, ఆ మూత్రం సీసా పక్కనే పెట్టాను. "నిన్న సాయంత్రం ఒక మూత, ఇయ్యాల పొద్దుగాల్ల ఒక మూత. నేనే పోసిన. మా ఇంటామెకు తెల్వదు."

డాక్టరమ్మ సీసా తిప్పి చూసింది, మూత తీసి వాసన చూసింది. "ఇది యాంటీబయాటిక్. నీళ్ళు కలిపాక వారంలో పారెయ్యాల్సింది. ఎప్పుడు కలిపారు?"

"తెల్వదు మేడం."

"ఎవరికి రాసిచ్చింది?"

"అది గూడ తెల్వదు."

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. "అయితే ఇప్పుడు ఈ పట్టీని నమ్మలేనండి. పాపకు నిజంగా ఏమీ లేకపోవచ్చు. ఉన్నదాన్ని మీ రెండు మూతలూ కప్పేసి ఉండొచ్చు. ఏదో నేను చెప్పలేను."

"గట్లయితే ఇప్పుడు గట్టి మందు ఎయ్యుండ్రి మేడం," అన్నాను, ఏడుపు గొంతుతో.

"ఎందుకండీ? మీరు తెలియకుండా వేశారని నేనూ తెలియకుండా వెయ్యాలా?" అంది. చిన్నగా నవ్వింది కూడా. "పాప హుషారుగా ఉంది. రక్తం పరీక్ష చేయిస్తాను, మూత్రం ల్యాబుకు పంపుతాను, ఇక్కడే ఉంచి చూస్తాను. అవసరం అనిపించిన నిమిషం వేస్తాను. ఇంటికి మాత్రం పంపను."

ఆమె డ్యూటీ అయిపోయింది, అయినా వెంటనే పోలేదు. సీసా ఎక్కడిదో నాతో చెప్పించుకుని, వరండాలోకి వెళ్ళి అవ్వ పక్కన బల్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. కిటికీలోంచి చూస్తున్నాను. అవ్వ ముందు చేతులు తిప్పుతూ వాదించింది, తర్వాత తగ్గింది, ఆ తర్వాత కొంగుతో ముఖం కప్పుకుంది. "ఎంతమంది పోరగాండ్లకు పోసిన్నో బిడ్డా," అన్న మాట ఒక్కటి నాకు వినబడింది. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి వచ్చింది.

మా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆ రోజంతా, మర్నాడంతా. రక్తం తీసేటప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే బిడ్డ తలను తన రొమ్ముకు అదుముకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను టీ తెస్తే తాగేది, గ్లాసు నా చేతికి ఇవ్వకుండా కిటికీ గట్టు మీద పెట్టేది. రక్తం పరీక్ష మంచిగా వచ్చింది. మందు ఏదీ వెయ్యలేదు. మర్నాడు పొద్దునకు జ్వరం దానంతటదే దిగిపోయింది. మధ్యాహ్నానికి బిడ్డ ఛాతీ మీద, వీపు మీద గులాబీ రంగు మచ్చలు పొక్కాయి. నేను వార్డు దద్దరిల్లేలా అరిచాను. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, మచ్చల మీద వేలితో నొక్కి చూసి, ఊపిరి, పెదవులు, నాలుక అన్నీ చూసి హాయిగా నవ్వింది.

"వైరస్ జ్వరమండీ. వెళ్తూ వెళ్తూ ఇలా సంతకం పెట్టిపోతుంది. ఆ మందు పడక ఒంటి మీదికి వచ్చాయేమోనని కూడా చూశాను. అలా లేదు. అయినా ఇంకో రోజు కళ్ళ ముందు ఉంచుకుంటాను. మీరు చెప్పారు కాబట్టే ఆ ఆలోచన వచ్చింది."

ల్యాబు నుంచి కూడా మూత్రంలో క్రిములేవీ పెరగలేదనే వచ్చింది. మా బిడ్డకు ఆ మందు మొదటి నుంచీ అక్కర్లేదు. నేను సంతోషంతో సిస్టర్లందరికీ జిలేబీలు తెచ్చాను, కట్టు కట్టించుకున్నాయన మళ్ళీ కట్టు మార్పించుకోవడానికి వస్తే ఆయన నోట్లోనూ ఒకటి పెట్టాను. మా ఆవిడకు ఇస్తే కాగితంలో పెట్టి పక్కన ఉంచింది. సంచి సర్దుతూ అప్పుడు నోరు విప్పింది.

"మందు పోసినవని కాదు నాకు. బిడ్డ మీద పానంతోటి పోసినవ్, నాకెరుకే. ఆమె అడిగినప్పుడు నేను ఏం పొయ్యలేదని చెప్పిన. నువ్వు నా పక్కన నిలబడి తల ఊపినవ్. నా బిడ్డ గురించి నా నోటితోటి అబద్ధం చెప్పిచ్చినవ్."

బిడ్డను నా చేతుల్లో పెట్టి, "ఇగ నుంచి డాక్టర్లు అడిగితే నువ్వే చెప్పు," అని సంచి ఎత్తుకుని ముందు నడిచింది.

బిడ్డకు ఇప్పుడు రెండేళ్ళు. మొన్న దగ్గు వస్తే అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. "ఇంట్లో ఏమైనా వేశారా?" అని ఆమె అడిగింది. మా ఆవిడ నోరు తెరవలేదు, నా వైపు తిరిగింది. నేను మొదలుపెట్టాను. జ్వరం మందు నిన్న పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఎన్ని గంటలకో కూడా చెప్పాను. వేడినీళ్ళు చెప్పాను. మా ఆవిడ వద్దన్నా మొన్న నేను తినిపించిన రెండు చెంచాల ఐస్‌క్రీం చెప్పాను. ఛాతీకి రాసిన నూనె చెప్పాను. డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసి నవ్వుతోంది, బిడ్డ ఆమెను చూసి నవ్వుతోంది. మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు. నేను చెప్పడం అయ్యేదాకా నా ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు.

అంతా అయ్యాక డాక్టరమ్మ వైపు తిరిగి, "అంతే మేడం," అంది.